వరస తప్పిన ఫారం

క్లెర్కెన్‌వెల్‌లో, బైండింగు కొట్టు మూడో అంతస్తులో
ముప్పై మంది ఆడవాళ్ళం.
నా చేతిలో ఎముకతో చేసిన మడతబద్ద.
గంటకు మూడొందల కాగితాలు.

నవల మీకు మొదటి పేజీతో మొదలవుతుంది.
మాకు అలా రాదు.
ఒకటో పేజీకి నెత్తికి నెత్తి ఆనించి
ఎనిమిదో పేజీ తలకిందులుగా పడుకుని ఉంటుంది.
దొరగారు టోపీ తీసి వంగిన చోటే
ఆవిడ ఆయన ఉత్తరం చించేస్తూ ఉంటుంది.
మడిస్తేగాని వాళ్ళ మధ్య కాలం పుట్టదు.

పదకొండేళ్ళుగా మడుస్తున్నాను కాబట్టి చెబుతున్నా:
ఈ కథల్లో బీదపిల్ల నిజంగా బీదది కాదు.
మూడో సంపుటంలో ఒక మేనమామ చచ్చిపోతాడు.
జమైకా నుంచి డబ్బు దిగుతుంది
(దానికి ఎవరి చెమట అంటిందో ఏ పేజీలోనూ దొరకలేదు నాకు).
ఆ రోజు నుంచీ ఆమె మెడ ఎంత నాజూకైనదో
అందరి కళ్ళకీ ఆనుతుంది.

నాకూ ఉన్నాడొక మేనమామ.
గ్రేవ్‌జెండ్‌లో రొయ్యలు అమ్ముతాడు.
నిక్షేపంలా ఉన్నాడు.

నేను వెతికేది కొవ్వొత్తి పట్టుకొచ్చే పనిపిల్ల కోసం.
ఒక నవల మొత్తమ్మీద ఆమె మాటలు లెక్కపెట్టాను, తొమ్మిది.
అందులో ఆరు "అమ్మగారూ".

ఆంబ్రోజ్ టిడ్‌కూంబ్, చేతి తొడుగుల కొట్టువాళ్ళబ్బాయి,
ఒకసారి నా చేతి కొలత తీసుకున్నాడు,
అమ్మకానికి కాదు.
"ఆరుంపావు. రాణుల సైజు" అన్నాడు,
గోళ్ళ కింద జిగురు చూసి కూడా.
అది మాత్రం నేను మర్చిపోను.

తర్వాత వాళ్ళమ్మ వచ్చింది.
కోప్పడలేదు.
మా గదిలో ఉన్న ఒక్క కుర్చీ అంచున కూచుని
"తెలివైనదానివి కెజయా, నీకు నేను చెప్పేదేముంది" అంది.
చెప్పకుండానే లేచింది.
వెళ్ళాక చూస్తే కుర్చీ మీద
ఆవిడ పరుచుకుని కూచున్న రుమాలు.

ఆ చలికాలమే వచ్చిందా నవల.
పందొమ్మిదో ఫారంలో, చెరువు మధ్య, పడవలో,
తెడ్లు తన చేతిలో ఉంచుకుని దొరగారు అడుగుతాడు:
"మీ నాన్న అప్పుల సంగతి నేనెవరికీ చెప్పను. నన్ను చేసుకో."
ఆమె వద్దంటుంది.
అని, మోకాలిలోతు నీళ్ళలోకి దిగి
గౌను ఈడ్చుకుంటూ ఒడ్డుకు నడిచిపోతుంది.
ఆ వద్దు ఎంత బావుందో!
మూడొందల సార్లు మడిచాను, మూడొందల సార్లూ దిగింది.
ఇరవై రెండో ఫారానికి, డబ్బొచ్చాక,
ఆ దొరకే, చర్చిలో, తలవంచుకుని ఔనంది.

ఒక్క కాపీ. ఒక్కటంటే ఒక్కటే.
ఇరవై రెండుని ముందుకు జరిపి
పందొమ్మిదిని చివర పెట్టి కుట్టేశాను.
సరిచూసే మిస్ హాబ్‌డే కళ్ళజోడు ఆ పూట మరమ్మత్తుకెళ్ళింది.
పెళ్ళయింది. గంటలు మోగాయి.
ఆ తర్వాత ఆమె నీళ్ళలోకి దిగింది.
"సమాప్తం" అనే మాట వెనకెక్కడో ఉండిపోయింది.

దీన్ని మా కొట్టులో వరస తప్పడం అంటారు.
టిడ్‌కూంబ్ గారి తల్లి కూడా, నోరు విప్పి ఉంటే,
ఇంచుమించు ఆ మాటే అనేది.

రెండేళ్ళకి తిరిగొచ్చిందా పుస్తకం,
బాత్‌లో ఏదో అద్దె లైబ్రరీ నుంచి, వెన్ను విరిగి.
"ఫారములు సరిచేయవలెను" అని చీటీ.
చివరి పేజీ అంచున పెన్సిలు రాతలు.
ఒకరు: "బైండింగు దోషం."
దాని కింద, ఇంకో చేతిరాత: "కాదు."
ఇంకా కింద, వంకర అక్షరాలు,
కొవ్వొత్తి మైనం చుక్క ఒకటి పక్కన:
"నీల్లు సల్లగా ఉన్నాయా?"

పాత కుట్లు విప్పాను. కొత్త దారం ఎక్కించాను.
పందొమ్మిది ఒక చేతిలో, ఇరవై రెండు ఒక చేతిలో.
మిస్ హాబ్‌డే కళ్ళజోడు సర్దుకుని
నావైపే చూస్తోంది.

చూసి, చూసి,
కిటికీ వైపు తిరిగింది.